బంతి జారిపోయే చేతులు, తడబడే కాళ్ళు: పిల్లలకు ఇంట్లో ఫిజియోథెరపీ చేయించే పద్ధతి

"వారానికోసారి థెరపీకి తీసుకెళ్తున్నాం. మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఏం చేయించాలి?" బెంగళూరులో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. మారతహళ్ళి నుంచి జయనగర్ వెళ్ళి రావడంతోనే సాయంత్రం గడిచిపోతుంది. 45 నిమిషాల సెషన్ కోసం ట్రాఫిక్‌లో రెండు మూడు గంటలు కూర్చున్న పిల్లాడిలో నేర్చుకునే ఓపిక ఎంత మిగులుతుంది? అందుకే అసలు పని ఇంట్లోనే జరగాలి. సెంటర్‌లో చూపించింది ఇంట్లో సాధన చేస్తేనే వంటబడుతుంది.

ఈ మార్గదర్శి 5 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం. తెలివితేటలు బాగానే ఉంటాయి, కానీ బంతి పట్టలేరు, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలరు, బొత్తాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, నడుస్తూ నడుస్తూ గుమ్మాన్ని గుద్దుకుంటారు. డాక్టర్లు దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, పొట్టిగా డీసీడీ అంటారు. బడి వయసు పిల్లల్లో ప్రతి 100 మందిలో 5, 6 మందికి ఇది ఉంటుందని అంచనా. బద్ధకం కాదు, మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు.

ఒక మాట ముందే తేల్చుకుందాం. బంతి పట్టడం రావాలంటే బంతినే పట్టించాలి. సైకిల్ రావాలంటే సైకిల్ మీదే సాధన చేయించాలి. ఊయల ఊపడం, ఒంటికి బ్రష్ రుద్దడం, బ్యాలెన్స్ బోర్డు మీద నిలబెట్టడం లాంటివి చేయిస్తే మెదడు "సిద్ధమై" మిగతా పనులన్నీ వాటంతటవే వచ్చేస్తాయన్న నమ్మకం చాలామందిలో ఉంది. పిల్లలకు అవి సరదాగా ఉంటే ఉండనివ్వండి. కానీ డీసీడీ మీద 2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా రావాల్సిన పనినే సాధన చేయించే పద్ధతుల వైపే మొగ్గాయి.

1. ముందు డాక్టరు, తర్వాతే బంతి

తడబాటు అంతా డీసీడీ కాదు. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి సాధన మొదలుపెట్టకుండా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి.

☐ ఇంతకు ముందు వచ్చిన పని ఇప్పుడు రావడం లేదు. మొన్నటిదాకా మెట్లెక్కిన పిల్లాడు ఇప్పుడు ఎక్కలేకపోతున్నాడు.
☐ కింద కూర్చుని లేచేటప్పుడు చేతుల్ని మోకాళ్ళ మీద, తొడల మీద ఆనించి, తన ఒంటినే పట్టుకుని పైకి పాకుతున్నట్టు లేస్తున్నాడు. పిక్కలు మామూలుకన్నా లావుగా ఉన్నాయి.
☐ ఒక పక్క చెయ్యి, కాలు మాత్రమే బలహీనంగా లేదా బిగుసుకుని ఉన్నాయి.
☐ నడక కొత్తగా తూలుతోంది. దానికి తోడు పొద్దున్నే తలనొప్పి, వాంతులు ఉన్నాయి.
☐ ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తోంది.
☐ కీళ్ళలో వాపు, రాత్రిపూట కాళ్ళ నొప్పి, ఉన్నట్టుండి స్పృహ తప్పడం లాంటివి ఉన్నాయి.

రెండో గుర్తు కండరాల క్షీణత జబ్బులో కనిపిస్తుంది. అది ఉంటే కండరాలు దెబ్బతింటున్నాయేమో చూపించే సీపీకే రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి, వాయిదా వేయకండి. పైగా అలాంటి కండరాల చేత బరువైన వ్యాయామాలు చేయిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ.

కంటి పరీక్ష కూడా చేయించండి. అద్దాలు అవసరమైన పిల్లాడికి ఆరు నెలలు బంతి సాధన చేయించి ఏం లాభం?

2. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం అడగాలి

మొదట పిల్లల డాక్టరు. అవసరమైతే ఆయనే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కో (పిల్లల ఎదుగుదల నిపుణులు) న్యూరాలజిస్టుకో (నరాల డాక్టరు) రాసిస్తారు. బెంగళూరులో ప్రభుత్వ రంగంలో నిమ్హాన్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లల ఎదుగుదల లోపాలను పరీక్షించే ఏర్పాటు ఉంది. పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతుంటే దాని గురించి అక్కడ అడగొచ్చు.

నడక, దూకడం, బ్యాలెన్స్, సైకిల్ లాంటివి ఫిజియో చూస్తారు. రాత, బొత్తాలు, తిండి, స్నానం లాంటి రోజువారీ పనులు ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. ఈ గీత అంత ఖచ్చితమైనదేమీ కాదు. ఎవరైనా సరే, పిల్లలతో పనిచేసిన అనుభవం ఉండాలి.

మొదటి కలయికలో ఇవి అడగండి:

☐ ఏ పరీక్షతో కొలుస్తారు? మూవ్‌మెంట్ ఏబీసీ, బీఓటీ అనే రెండు పరీక్షలు ఎక్కువగా వాడతారు. ఇంటి దగ్గర గమనించినవి రాయడానికి తల్లిదండ్రులకు ఇచ్చే డీసీడీక్యూ అనే 15 ప్రశ్నల పత్రం ఉంది.
☐ ఎన్ని వారాల తర్వాత మళ్ళీ కొలుస్తారు?
☐ సెషన్‌లో మేమూ పక్కన ఉండొచ్చా? బయట కూర్చోబెట్టి తలుపు వేసేసే చోట ఇంటి సాధన నేర్చుకోవడం కష్టం.
☐ ఇంటికి ఏం రాసిస్తారు? "రోజూ వ్యాయామం చేయించండి" అన్న ఒక్క వాక్యం చాలదు.

5 ఏళ్ళలోపు పిల్లలకు సాధారణంగా ఈ పేరు పెట్టరు. ఆ వయసులో ఎదుగుదల ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. పేరు పెట్టకపోయినా ఆడించడం ఆపనక్కర్లేదు.

3. వారం రోజులు చూడండి, రాయండి

సాధన మొదలుపెట్టే ముందు ఏడు రోజులు ఏమీ నేర్పకండి, గమనించండి. 200 పేజీల నోట్‌బుక్ ఒకటి తీసుకుని రోజుకు మూడు సంగతులు రాయండి: ఏ పని దగ్గర తడబడ్డాడు, ఎంతసేపు పట్టింది, ఎవరు సాయం చేశారు.

"నడక సరిగా లేదు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. "లిఫ్ట్ పాడైన రోజు రెండో అంతస్తు నుంచి దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టాడు, ఎడమ చెయ్యి గోడకు ఆనించాడు" అని రాస్తే ఫిజియోకి సగం పని అయిపోయినట్టే.

ఫోన్‌లో 30 సెకన్ల వీడియోలు నాలుగు తీయండి: ముందు నుంచి నడక, పక్క నుంచి నడక, మెట్లు దిగడం, బంతి పట్టడం. పొట్టి లాగు, చెప్పుల్లేని కాళ్ళు ఉండాలి. మోకాళ్ళు, మడమలు కనిపించకపోతే వీడియో తీసీ దండగ.

4. రెండే రెండు లక్ష్యాలు

ఇంటిల్లిపాదీ తప్పటడుగు వేసేది ఇక్కడే. తాతయ్యకు రాత కావాలి, నాన్నకు క్రికెట్, అమ్మకు త్వరగా తయారవడం. పిల్లాడికేమో బర్త్‌డే పార్టీలో మిగతావాళ్ళతో సమానంగా ఆడాలని. అతనికి ఏం కావాలో ముందు అడగండి. తనకు కావలసినదాని కోసం పిల్లలు వంద సార్లు ప్రయత్నిస్తారు, మనకు కావలసినదాని కోసం నాలుగు సార్లు.

పిల్లాడు ఎంచుకున్నది ఒకటి, మీరు ఎంచుకున్నది ఒకటి. అంతే. ఒక్కోదానికీ కొలత ఉండాలి:

- "2 మీటర్ల దూరం నుంచి వేసిన బంతిని పదిలో 7 సార్లు పట్టాలి."
- "స్కూలు చొక్కా బొత్తాలు 4 నిమిషాల్లో తనే పెట్టుకోవాలి."

మొదటి రోజే పది ప్రయత్నాలు చేయించి ఎన్ని కుదిరాయో తేదీ వేసి రాయండి. పదిలో 1 వచ్చినా మొహం మాడ్చకండి. నెల తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆ అంకె కావాలి.

5. చోటు, సామాను

3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ ఉంటే చాలు. హాల్లో టీపాయ్ పక్కకు జరిపితే దొరుకుతుంది. అపార్ట్‌మెంట్లలో వేసే నున్నటి టైల్స్ మీద సాక్సులతో ఆడించకండి. వట్టి కాళ్ళతో ఆడించడం మేలు. బేస్‌మెంట్ పార్కింగ్ విశాలంగా కనిపించినా మలుపు తిరిగే కార్లకు పిల్లలు కనబడరు, వద్దు. సాయంత్రం వాన పడితే ఇంట్లో ఏం ఆడాలో ముందే అనుకోండి. లేకపోతే వాన పేరు చెప్పి వారమంతా ఎగిరిపోతుంది.

☐ బెలూన్లు
☐ 20 సెంటీమీటర్ల మెత్తటి రబ్బరు బంతి
☐ టెన్నిస్ బంతి
☐ నేల మీద గీతలకు రంగు టేపు లేదా సుద్దముక్క
☐ యోగా మ్యాట్
☐ పాదాలు ఆనడానికి చిన్న పీట
☐ వంటింటి టైమర్ లేదా ఫోన్

ఇంతకు మించి ఏదీ కొనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో థెరపీ కిట్ల పేరుతో అమ్మే రంగురంగుల సామాను ఎక్కువగా అటక మీదికే చేరుతుంది.

6. 20 నిమిషాలు ఎలా గడవాలి

వారానికి 4 లేదా 5 రోజులు, రోజుకు 20 నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కట్టిపడేసి చేయించేదానికన్నా ఇదే మేలు. ఈ పిల్లలు ప్రతి కదలికకూ మిగతావాళ్ళకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి కాబట్టి త్వరగా అలిసిపోతారు. స్కూలు బస్సు దిగగానే మొదలుపెట్టకండి. ఏదైనా తిని, అరగంట ఊపిరి పీల్చుకున్నాక మొదలుపెట్టండి.

- 3 నిమిషాలు: ఒళ్ళు వేడెక్కే ఆట. ఎలుగుబంటి నడక (చేతులు, పాదాల మీద), పీత నడక (పొట్ట పైకి పెట్టి చేతులు, పాదాల మీద), గీత మీద నడక.
- 8 నిమిషాలు: మొదటి లక్ష్యం. ఓపిక నిండుగా ఉన్నప్పుడే కష్టమైనది.
- 5 నిమిషాలు: బలం, బ్యాలెన్స్ లేదా రెండో లక్ష్యం.
- 4 నిమిషాలు: పిల్లలకు ఇష్టమైన, ఇప్పటికే బాగా వచ్చిన ఆట.

చివరి నాలుగు నిమిషాలు కోసేయకండి. రేపు మళ్ళీ రమ్మంటే వచ్చేది వాటి కోసమే.

ఎంత కష్టంగా ఉండాలో తేల్చుకోవడానికి ఒక లెక్క పెట్టుకోవచ్చు. పదిలో 8 సార్లు కుదిరితే కాస్త కష్టం చేయండి. 4 కన్నా తక్కువైతే సులువు చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి: దూరమో, వేగమో, బంతి సైజో. మూడూ ఒకేసారి మారిస్తే ఎక్కడ తప్పిందో మీకే తెలియదు.

7. నోరు ఎంత వాడాలి

థెరపిస్టు ఇంగ్లిష్‌లో చెబుతారు, స్కూల్లో పీటీ సార్ కన్నడంలో, అమ్మ తెలుగులో. ఒకే కదలికకు మూడు మాటలు వింటే, మాట అర్థం చేసుకోవడానికే శ్రద్ధంతా సరిపోతుంది. ఒక్కో పనికి ఒక్క పొట్టి మాట ఎంచుకుని అందరూ అదే వాడండి. బంతికి "బుట్ట", దూకడానికి "పిల్లి", అలా. థెరపిస్టుకూ ఆ మాట చెప్పండి. రెండు తెలుగు మాటలు నేర్చుకోవడానికి ఎవరూ కాదనరు.

ఒంటి భాగాల గురించి చెప్పడం తగ్గించండి. "మోకాళ్ళు వంచు, మడమ ఎత్తు, చేతులు దగ్గర పెట్టు" అంటే పిల్లాడు బిగుసుకుపోతాడు. "చప్పుడు రాకుండా దూకు" అనండి. మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, జవాబు మీరు చెప్పేయకుండా పిల్లల చేతే రాబట్టడం. కెనడాలో రూపొందిన కో-ఆప్ అనే పద్ధతిలో లక్ష్యం, పథకం, చేయడం, సరిచూడడం అని నాలుగు మెట్లు ఉంటాయి. ఇంటి తెలుగులో ఇవి నాలుగు మాటలు: ఏం చేద్దాం? ఎలా చేద్దాం? సరే, చెయ్యి. కుదిరిందా?

ఎనిమిదేళ్ళ పిల్లాడు, బంతి మూడోసారీ జారిపోయింది అనుకోండి. సంభాషణ ఇలా సాగాలి:

"ఏమైంది కన్నా?"
"జారిపోయింది."
"బంతి వచ్చేటప్పుడు నీ చేతులెక్కడున్నాయి?"
"కింద."
"మరి ఈసారి?"
"ముందే పైకి పెడతా."
"పెట్టి చూడు."

ఇందులో అమ్మ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు చూడండి. "చేతులు పైకి పెట్టరా" అని ఆమె అనేసి ఉంటే ఆ బంతి దొరికేదేమో గానీ, రేపు మైదానంలో అమ్మ లేనప్పుడు మళ్ళీ జారేది. ప్రశ్న అడిగాక 5 సెకన్లు నోరు మూసుకుని ఉండండి. మొత్తం పద్ధతిలో పెద్దలకు కష్టమయ్యేది ఆ 5 సెకన్లే.

8. బంతి పట్టడం, మెట్టు మెట్టుగా

మెట్టు 1. బెలూన్. నెమ్మదిగా దిగుతుంది కాబట్టి చూసి కదలడానికి సమయం దొరుకుతుంది. కింద పడకుండా 10 సార్లు పైకి తట్టాలి. తర్వాత రెండు చేతులతో పట్టుకోవాలి.

మెట్టు 2. ఎదురెదురుగా కాళ్ళు చాపి కూర్చుని, 1.5 మీటర్ల దూరం నుంచి పెద్ద బంతిని దొర్లించండి.

మెట్టు 3. నిలబడి, మీ ఇద్దరికీ మధ్య నేల మీద టేపుతో ఒక గుర్తు వేయండి. బంతిని ఆ గుర్తు మీద ఒక్కసారి కొట్టి వేయండి. నేలకు తగిలి లేచిన బంతి కాస్త నెమ్మదిస్తుంది, చప్పుడుతో సమయం కూడా తెలుస్తుంది.

మెట్టు 4. 1 మీటరు నుంచి, చెయ్యి కింది నుంచి పైకి ఊపుతూ ఛాతీకి వేయండి. తర్వాత 1.5, తర్వాత 2 మీటర్లు.

మెట్టు 5. అదే బంతి ఒక అడుగు కుడికి, ఒక అడుగు ఎడమకు. ఆటలో బంతి ఎప్పుడూ ఎదురుగా రాదు కదా.

మెట్టు 6. టెన్నిస్ బంతి. మళ్ళీ 1 మీటరు నుంచి మొదలు.

ఎక్కడ తప్పుతుంది, ఏం చేయాలి:

మొహం తిప్పుకుంటాడు లేదా కళ్ళు మూసుకుంటాడు. దెబ్బ తగులుతుందన్న భయం ఇది. బంతిలో గాలి కొంచెం తీసి మెత్తగా చేయండి. బంతి మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలు నాలుగు రాయండి: అ, క, మ, ర. "ఏ అక్షరం కనపడింది?" అని అడగండి. చదవాలంటే చూడక తప్పదు.

చేతులు కర్రల్లా చాపి ఉంచుతాడు. బంతి తగిలి ఎగిరిపోతుంది. "బుట్ట చెయ్యి" అనండి. మోచేతులు వంగి, అరచేతులు పైకి వస్తాయి.

చప్పట్లు కొట్టినట్టు ఆలస్యంగా మూస్తాడు. తొందరపడి దూరం పెంచారన్నమాట. మెట్టు 3కు వెనక్కి వెళ్ళండి.

పొట్టకు హత్తుకుని పడతాడు. ఇది తప్పు కాదు, ఒక దశ. రెండు వారాలు అలాగే పట్టనివ్వండి.

మీరు వేసే తీరు కూడా చూసుకోండి. ప్రతిసారీ ఒక్కో ఎత్తులో, ఒక్కో వేగంతో వేస్తే పిల్లాడి తప్పు లెక్కకు రాదు. ముందు గోడ మీద ఓ గుర్తు పెట్టుకుని మీరే పది సార్లు వేసి చూసుకోండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, నాన్నల వేగం తగ్గించాకే బంతి దొరకడం మొదలైన ఇళ్ళు చాలా.

9. ఒంటికాలి బ్యాలెన్స్: తొక్కుడు బిళ్ళ

మామూలుగా 5 ఏళ్ళ పిల్లలు ఒంటికాలి మీద దాదాపు 10 సెకన్లు నిలబడగలరు, నాలుగైదు కుంటి గెంతులు వేయగలరు. మీ పాప 2 సెకన్లకే తూలుతుంటే గెంతించకండి, నిలబెట్టడంతో మొదలుపెట్టండి: ఒక కాలు పీట మీద, తర్వాత ఆ కాలు బంతి మీద, తర్వాత గాల్లో. పక్కనే గోడ ఉండాలి. చెయ్యి పట్టుకోవడం మొత్తంగా వద్దనుకుంటే ఒక్క వేలు ఆనించనివ్వండి.

తర్వాత తొక్కుడు బిళ్ళ గళ్ళు గీయండి. ఒక్కో గడి 40 సెంటీమీటర్లు. మొదటి వారం రెండు కాళ్ళతో దూకడమే, ప్రతి గడిలో 3 అంకెలు లెక్కపెట్టే దాకా కదలకూడదు. రెండో వారం రెండు గళ్ళు ఒంటికాలితో. బిళ్ళ వేయడం చివర్లో చేర్చండి. గురి, గెంతు రెండూ ఒకేసారి కష్టం.

కీళ్ళు మరీ వదులుగా ఉండే పిల్లల విషయంలో జాగ్రత్త. మోకాలు వెనక్కి వంగేలా బిగించి నిలబడుతుంటే ఆపి, కొంచెం వంచి నిలబడమనండి. మడమ లోపలికి ఒరిగిపోతుంటే ఫిజియోకి చూపించండి.

10. సైకిల్

పక్క చక్రాలు బ్యాలెన్స్ నేర్పవు. అవి ఉన్నంతకాలం సైకిల్ ఒరగదు, ఒరగకపోతే సర్దుకోవడం రాదు. వాటిని తీసేయండి. పెడళ్ళు కూడా తీసేయండి.

పెడల్ విప్పడానికి చాలా సైకిళ్ళకు 15 ఎంఎం స్పానర్ సరిపోతుంది. కుడి పెడల్ మామూలుగా ఎడమ వైపు తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడల్‌కు మర రివర్స్‌లో ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిప్పాలి. గుర్తుండకపోతే స్పానర్ పిడిని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, రెండు పక్కలా వదులవుతుంది. ఇది తెలియక బలమంతా పెట్టి మర అరగదీసేవాళ్ళే ఎక్కువ.

క్రమం ఇది:

1. సీటు దించండి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాలు కొంచెం వంగాలి.
2. హెల్మెట్ పెట్టండి. కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడం, గడ్డం పట్టీ కింద ఒక వేలు పట్టేంత ఖాళీ.
3. కూర్చుని నడవాలి, 2 రోజులు.
4. రెండు కాళ్ళతో తన్ని, కాళ్ళు ఎత్తి జారాలి. 1, 2, 3 లెక్కపెట్టాలి. 5 దాకా వస్తే తర్వాతి మెట్టు.
5. బ్రేకు. ఒక గీత గీసి దాని దగ్గర ఆగాలి. పెడళ్ళు బిగించక ముందే ఇది రావాలి.
6. పెడళ్ళు బిగించండి. మొదలుపెట్టే కాలి పెడల్ పైకి, ముందుకు ఉండాలి. కుడి పక్క నుంచి చూస్తే గడియారంలో 2 అంకె ఉండే చోటు.
7. సూటిగా తొక్కడం వచ్చాకే మలుపులు.

హ్యాండిల్ పట్టుకుని వెంట పరిగెత్తకండి. పిల్లాడు తూలితే సర్దేది మీరవుతారు. పట్టుకోక తప్పకపోతే వెనక నుంచి చంక కింద లేదా భుజాల దగ్గర పట్టుకోండి. చూపు ముందు చక్రం మీద కాకుండా 5 మీటర్ల దూరంలో ఉండాలి. అక్కడ ఎవరైనా నిలబడి వేళ్ళు చూపించి "ఎన్ని?" అని అడగండి.

చోటు దొరకడమే బెంగళూరులో పెద్ద సమస్య. ఆదివారం కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీదికి బండ్లను రానివ్వరు. జనం పెరగక ముందే వెళ్ళండి.

11. రాత, బొత్తాలు, లేసులు

రాతకు ముందు కుర్చీ చూడండి. డైనింగ్ టేబుల్ దగ్గర కాళ్ళు వేలాడుతుంటే ఒళ్ళు నిలబెట్టుకోవడానికే సగం బలం పోతుంది. పాదాల కింద పీట, మోచెయ్యి ఎత్తులో బల్ల. పెన్సిల్ మూడు పలకలది, పొట్టిది. చపాతీ పిండి పిసికిస్తే వేళ్ళకు బలం వస్తుంది నిజమే, కానీ దానివల్ల అక్షరం కుదరదు. అక్షరం రాయిస్తేనే కుదురుతుంది. రోజుకు 10 నిమిషాలు, ఒకే తీరు అక్షరాలు: ద, ధ, డ, ఢ ఒకరోజు, ప, ఫ, ష మరో రోజు.

బొత్తాలు ఒంటి మీద కాకుండా బల్ల మీద పరిచిన నాన్న చొక్కాతో మొదలుపెట్టండి. తర్వాత తన చొక్కా, చివరి బొత్తాం ఒక్కటే. లేసులకు రెండు రంగులవి కట్టండి. అది వచ్చేదాకా స్కూలుకు వెల్క్రో బూట్లు వేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

12. తరచూ జరిగే పొరపాట్లు

అన్నయ్యతో, చెల్లితో పోటీ పెట్టడం. ఓడిపోతానని తెలిసిన ఆట ఎవరూ ఆడరు. నిన్నటి తన లెక్కతోనే పోటీ.

"శభాష్" వరదలా కురిపించడం. పిల్లలు దాన్ని నమ్మరు. "ఈసారి బంతిని చివరిదాకా చూశావ్" అంటే ఏం సరిగా చేశాడో అతనికి తెలుస్తుంది.

ప్రతి ప్రయత్నానికీ దిద్దడం. మూడింటికి ఒకసారి చాలు.

కుదరగానే ఆపేయడం. హాల్లో 2 మీటర్లకు పట్టిన పిల్లాడు మైదానంలో వదిలేస్తాడు. అదే పని టెర్రస్ మీద, పార్కులో, ఇంకొకరు వేస్తుండగా చేయించండి. నాలుగు చోట్ల కుదిరితేనే వచ్చినట్టు.

నొప్పిని అలవాటవుతుందిలే అనుకోవడం. ఆడిన మర్నాడు కాస్త ఒళ్ళు నొప్పి మామూలే. ఒకే కీలులో నొప్పి, కుంటడం, రెండు రోజులు దాటినా తగ్గకపోవడం మామూలు కాదు. ఆపి, చూపించండి.

13. స్కూలుతో ఏం మాట్లాడాలి

క్లాస్ టీచర్‌కు ఒక్క పేజీ చాలు. రిపోర్టు జిరాక్సులు ఇవ్వడంకన్నా ఏం కావాలో రాయడం మేలు:

☐ పాదాలు నేలకు ఆనే బెంచీ, బోర్డుకు ఎదురుగా.
☐ బోర్డు మీదది ఎక్కించుకోవడానికి అదనపు సమయం, లేదా ముద్రించిన కాగితం.
☐ రాత అందంగా లేదని మార్కులు కోయకుండా, విషయం చూసి ఇవ్వడం.
☐ టిఫిన్ డబ్బా మూత తీయలేకపోతే అడగొచ్చన్న భరోసా. ఇంట్లో మీరు కూడా బిగుతు మూత స్టీలు డబ్బా మార్చండి.
☐ పీటీ పీరియడ్‌లో జట్లు ఎంచుకునే పని పిల్లలకు వదలకపోవడం. చివరిదాకా ఎవరూ పిలవకుండా మిగిలేది ఈ పిల్లలే.

పీటీ సార్‌తో విడిగా మాట్లాడండి. మీరు వాడుతున్న "బుట్ట", "పిల్లి" మాటలు ఆయనకూ చెప్పండి.

14. నాలుగు వారాలకోసారి లెక్క

మొదటి రోజు చేసిన పది ప్రయత్నాలే, అదే చోట, అదే దూరంలో మళ్ళీ చేయించండి. నోట్‌బుక్‌లో పక్కన రాయండి. కొత్త వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి పిల్లలకూ చూపించండి.

అంకె పెరిగితే అదే దారిలో సాగండి. కదలకపోతే ముందు ఇవి చూసుకోండి: నిజంగా వారానికి 4 రోజులు జరిగిందా? మెట్టు మరీ పెద్దదా? సాధన సమయానికే పిల్లాడు అలిసిపోయి ఉన్నాడా? ఈ మూడూ సరిగానే ఉన్నా 8 వారాలకు మార్పు లేకపోతే, నోట్‌బుక్, వీడియోలు పట్టుకుని ఫిజియో దగ్గరికి వెళ్ళండి. శ్రద్ధ నిలవకపోవడం అడ్డు పడుతోందేమో కూడా అడగండి. డీసీడీ ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) కూడా తరచుగా కలిసి ఉంటుంది, దానికి వేరే సాయం కావాలి.

లక్ష్యం అందాక ఒక వారం సెలవు ఇవ్వండి. ఆ తర్వాత కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసి, "ఇప్పుడు ఏం నేర్చుకుందాం?" అని పిల్లల్నే అడగండి.